రత్నమ్మ గారి హాట్‌స్పాట్

పరీక్ష పది గంటలకి. తొమ్మిదింటికి నెట్ పోయింది.

రూబెన్ కంగారుపడలేదు. బర్మాలో మింగళ తౌంగ్‌న్యున్ పేటలో పదేళ్లుగా కంప్యూటర్ సెంటర్ నడుపుతున్నవాడు నెట్ పోయినప్పుడల్లా కంగారుపడితే ఈపాటికి గుండె ఆగిపోయుండేది. "లైను తెగిపోయుంటాది. సాయంత్రానికి గాని రాదు," అని కుర్చీలోంచి లేవకుండానే తేల్చేశాడు. లేచినా చూడ్డానికి ఏముంది? కింద కరెంటు నిలవదని వైఫై డబ్బాని మనిషిని పంపి మూడో అంతస్తులో ఉండే రత్నమ్మ గారింట్లో బ్యాటరీ మీద పెట్టించాడు. అక్కడినుంచి ఒక తీగ బాల్కనీ మీదుగా గోడ వెంట షాపులోకి దిగుతుంది.

"అలగైతే నా పరీక్షో మావయ్యా?" అంది ఫెయిత్.

అప్పుడు మొదలైంది కంగారు. ఫెయిత్ అతని మేనకోడలు. బ్యాంకాక్‌లో నర్సింగు సీటు కోసం ఆన్‌లైన్ పరీక్ష. కిందటేడు రెండు మార్కుల్లో పోయింది. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. ఫోన్లో రాస్తే చెల్లదట, పెద్ద కంప్యూటర్ ముందే కూర్చోవాలట. ఆమెతోపాటు మరో ఇద్దరు బర్మా అమ్మాయిలు కూడా ఈ మహానుభావుణ్ణి నమ్ముకుని వచ్చి కూర్చున్నారు.

షాపులో ఉన్నవి మూడూ ముసలి కంప్యూటర్లు. గాలిలో వచ్చే నెట్ వాటికి అందదు, తీగ ఉండాల్సిందే. ఎవరి ఫోన్‌నైనా తీగతో ఒకదానికి తగిలిస్తే, దాన్నుంచి మిగతా రెండింటికీ తీగలు లాగి ఒక్క ఫోన్‌తో మూడూ నడిపించొచ్చు. ఆ మాత్రం విద్య రూబెన్‌కి వచ్చు. కానీ ఆ ఫోన్లో నెట్ ఉండొద్దూ? పదిరోజులుగా పేటలో ఏ ఫోన్లోనూ డేటా లేదు.

సరిగ్గా అప్పుడే పైనుంచి పాట వినిపించింది. మూడో అంతస్తు. రత్నమ్మ గారు ఫోన్లో కీర్తనల వీడియో పెట్టుకున్నారు. అది ఒక్కచోటైనా ఆగకుండా సాగిపోతోంది.

"ఓలమ్మో, ఈవిడది ఏ కంపెనీ సిమ్మే!" అని రూబెన్ నోరెళ్లబెట్టాడు.

చిక్కేమిటంటే, అతను మూడేళ్లుగా ఆవిడ కంటపడకుండా తిరుగుతున్నాడు. కారణం గాడిద. చర్చిలో క్రిస్మస్ నాటకం ఆవిడే వేయిస్తుంది. మరియను బేత్లెహేము దాకా మోసే గాడిద వేషానికి రూబెన్ వీపే తగినదని ఆవిడ ప్రగాఢ విశ్వాసం. పెళ్లీ పెటాకులూ లేని నలభై ఏళ్ల మగాడికి డిసెంబరులో ఇంతకంటే ఏం పనుంటుందని ఆవిడ వాదన.

అవసరం వచ్చినప్పుడు వసుదేవుడంతటివాడే గాడిద కాళ్లు పట్టుకున్నాడు. రూబెన్ వీధిలోకి వచ్చి, పై బాల్కనీ నుంచి వేలాడుతున్న తాడు లాగాడు. పైన గంట మోగింది. బాల్కనీలో ఈ చివర నుంచి ఆ చివరకి కట్టిన నీలం తాడు మీద లుంగీ ఆరేస్తూ రత్నమ్మ గారు కిందికి తొంగిచూశారు.

"ఏటిరా రూబెనూ, దారి తప్పినావా?"

"ఆంటీ, మీ ఫోను రెండు గంటలు ఇవ్వండి. తాడుకి కట్టి దించీండి. ఫెయిత్ పరీక్ష."

"నా ఫోను గుమ్మం దాటదురా. కావలిస్తే నీ కంప్యూటర్లే పైకి రావాల. ఇంకో మాట. ఈ క్రిస్మస్‌కి గాడిదవి నువ్వే."

వీధి వీధంతా విన్నది. ఎదురు టీకొట్టులో పెదాల దాకా వెళ్లిన కప్పులు ఆగిపోయాయి.

"అదొక్కటీ వద్దు ఆంటీ..."

"సరేలే, మానీ," అని ఆవిడ వెనక్కి తిరిగారు.

రూబెన్ షాపులోకి చూశాడు. ఫెయిత్ హాల్‌టికెట్టు మడతపెట్టి సంచిలో పెట్టేసుకుంటోంది.

"ఒప్పుకున్నానండీ! గాడిదనే!" అని వీధి మధ్యలో నిలబడి అరిచాడు.

మూడు పెట్టెలు, మూడు మానిటర్లు, నిచ్చెనలాంటి మెట్లు. ఆరుసార్లు మోసుకుంటూ ఎక్కాడు. వేషానికి సాధన ఇవాళే మొదలైందని టీకొట్టువాళ్లు బర్మా భాషలో తీర్మానించారు.

పైన ఒక మానిటర్ పెట్టుకోడానికి మూలనున్న చిన్న స్టూలు కంటపడింది. దాని మీద లేసు గుడ్డ కప్పి, పైన ప్లాస్టిక్ గులాబీలు పెట్టి ఉన్నాయి. రూబెన్ చెయ్యి చాచాడు.

"అది ముట్టకు! నా పువ్వులు!"

చేసేదేముంది? మూడింటినీ భోజనాల బల్ల మీదే సర్దాడు. ఫోన్ మాత్రం ఆవిడ చేతిలోంచి జారలేదు. ఏది నొక్కాలో అతను చెప్పడం, కళ్లజోడు సవరించుకుని ఆవిడే నొక్కడం. పదికి రెండు నిమిషాలుందనగా మూడు తెరల మీదా పరీక్ష కాగితం ప్రత్యక్షమైంది. ఫెయిత్ కళ్లు మూసుకుని ఆమెన్ అనుకుంది.

ఆ రెండు గంటలూ గదిలో ఎవరూ మాట్లాడకూడదు. అదే అదనుగా రత్నమ్మ గారు టేపు తెచ్చి రూబెన్ వీపు కొలిచారు. తర్వాత నడుము కొలిచారు. తోక పొడుగెంత ఉండాలో కాగితం మీద రాసుకున్నారు.

పన్నెండింటికి ఫెయిత్ లేచి, "బాగా రాసేను మావయ్యా!" అంటూ అతన్ని వాటేసుకుంది. రూబెన్‌కి కళ్లు చెమర్చాయి. గాడిద ఏమిటి, ఇంకేం వేషమైనా వేసేయొచ్చనిపించింది.

"మీ మేలు మర్చిపోలేను ఆంటీ. నంబరు చెప్పండి, రీచార్జి చేయిస్తాను. ఇంతకీ ఇది ఏ కంపెనీ సిమ్ము? ఊళ్లో అన్నీ చచ్చినా ఇదొక్కటీ బతికుంది!"

"సిమ్మా? దీన్లో సిమ్మెక్కడిదిరా," అంటూ రత్నమ్మ గారు గులాబీలు తీసి, లేసు గుడ్డ ఎత్తి, పచ్చ దీపాలతో మినుకుమినుకుమంటున్న డబ్బాని చూపించారు, "నువ్వు మా ఇంట్లో పెట్టుకున్న నీ వైఫైతోనే కదా నడుస్తాది, పొద్దున్న బట్టలారేయడానికి దాని నీలం తీగొకటీ పీకేను గాని డబ్బా జోలికి నాను పోలేదు నాయనా!"