గంగులమ్మ రెండు ఓట్లు

లోక్‌సభ సభ్యుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. పుంగనూరు దారిలోని చింతరాళ్లపల్లె గంగులమ్మ ఈ హక్కును సంపూర్ణంగా వినియోగించుకున్నది. పేలుళ్లతో తన బోరును పూడ్చిన క్వారీ యజమాని ఎంపీ పదవికి నిలబడగా, ఇల్లిల్లూ తిరిగి ఓడించింది. అదే పూట, పక్కనున్న రెండో యంత్రంలో ఆ యజమాని పార్టీ ఎమ్మెల్యే అభ్యర్థికే ఓట్లు వేయించి గెలిపించింది. ఆయన పిలిస్తే పలికే మనిషి.

యజమాని ఓడగానే అధికారులకు నిబంధనలు గుర్తుకొచ్చి క్వారీ మూతపడింది. గంగులమ్మ కొత్త బోరు వేసి టమాటా నాటింది.

కాయ దిగే వేళకు అధికారులు నిబంధనలను మరచిపోయారు. కొండ మళ్లీ పేలింది, కొత్త బోరూ పూడింది. ఆమె మదనపల్లె వెళ్లి ఎమ్మెల్యే ఎదుట నిలబడింది.

“ఓడిపోయినోడు ఎంపీ యెట్లైనాడప్పా?”

“అది రాజ్యసభక్కా, పెద్దల సభ. దానికి జనాలు ఓటెయ్యరు.”

“ఇంగెవురేస్తారు?”

“ఎమ్మెల్యేలం.”

“నువ్వూ ఏస్తివా?”

“పార్టీ ఏజెంటుకు సూపించి ఏయాలక్కా. తప్పుతాదా?”

“మళ్లా యెప్పుడు ఓడగొట్టేది?”

“ఆరేండ్లు ఉంటాడు. ఆపైనా మీ సేతిలో లేదులే.”

మర్యాదగా కాఫీ ఇప్పించి పంపాడు.

బస్సు దిగగానే ఊరి ఆడవాళ్లు చుట్టుముట్టారు.

“మనం ఓడగొట్టినోణ్ణి ఎవురు గెలిపించినారంట అక్కా?”

అంతలో కొండ పేలింది. గంగులమ్మ నోట్లో పడిన దుమ్మును ఉమ్మింది.

“మనమే. రెండో మిషన్లో.”