అక్షరాల బండి అక్కయ్య

“ఎన్నిసార్లు అడిగినా అదే మాటమ్మా. నేను రాను,” అంది మహాలక్ష్మమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

ఎదురుగా కూర్చున్న నీలిమ లేచి కిటికీ తెర పక్కకి లాగింది. తన కుర్చీని మహాలక్ష్మమ్మ మోకాళ్లకి తగిలేంత దగ్గరికి జరుపుకుంది. ఆ తర్వాత చనువుగా చెయ్యి చాచి ఆవిడ కొంగు కిందికి దించింది.

“మొకం సూడనివ్వండి అక్కయ్యా. ముప్పై అయిదేళ్లు ఆగి వచ్చినాను. ఇప్పుడు సెప్పండి.”

“రాననే చెప్తున్నా.”

“అలాగనకండి!”

మహాలక్ష్మమ్మకి కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. పది రోజులుగా ఈ పిల్ల వాట్సాప్‌లో వెంటపడుతోంది. స్టీల్ ప్లాంటులో డ్రాయింగులు గీసే ఉద్యోగమట, కూర్మన్నపాలెంలో ఇల్లట. ఇవాళ సెలవు పెట్టి మరీ కంచరపాలెం వచ్చి కూర్చుంది. పిల్ల అంటే నలభై దాటిన పిల్లే.

“అది సరే, నేను రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదేం?”

“ఫోన్లో అయితే మీరు రానని పెట్టీత్తారు. ఎదురుగుంటే కుదరదు కదండి!”

గొంతు కాస్త పెద్దదే. ప్లాంటులో పనిచేసేవాళ్లంతా ఇంతేనేమో అనుకుంది మహాలక్ష్మమ్మ.

ముప్పై అయిదేళ్ల కిందట, ఆదివారం పొద్దున్నే టీవీలో ‘అక్షరాల బండి’ అని పిల్లల కార్యక్రమం వచ్చేది. అట్టముక్కలతో చేసిన రైలు. ఒక్కో పెట్టెలోకి ఒక్కో అక్షరం ఎక్కేది. జెండా ఊపే గార్డు మావయ్య నాగబాబు. డోలక్ వాయించే చలమయ్య. అక్షరాన్ని పలికి రైలెక్కించే అక్కయ్య మహాలక్ష్మమ్మ. అది చూసి పెరిగినవాళ్లంతా కలిసి రేపు సాయంత్రం రుషికొండలో ఆ ముగ్గురికీ సన్మానం పెట్టుకున్నారు. మగవాళ్లిద్దరూ ఎగిరి గంతేసి ఒప్పుకున్నారు. అక్కయ్య లేకపోతే బండి కదలదని నీలిమ పట్టు.

“నన్ను రెండేళ్లకే తీసేశారు, తెలుసా? ‘అక్కయ్య అంత నోరు తెరవాలా, పళ్లు లెక్కపెట్టుకోవచ్చు’ అని ఉత్తరాలొచ్చాయి...” చెబుతూ చెబుతూనే ఆవిడ కొంగు మళ్లీ నోటి మీదికి వెళ్లింది. అప్పట్నుంచీ అంటుకున్న అలవాటది. “మొన్న మా మనవరాలు చూపించింది. ఆ పాత వీడియో కింద ఇప్పటి కుర్రాళ్లు కూడా అదే ఎగతాళి!”

నీలిమ మళ్లీ కొంగు దించింది. “పళ్లు లెక్కెట్టుకోవచ్చని ఉత్తరాలొచ్చినాయి. తర్వాతేటి?”

“తర్వాతేముంది? సున్నితంగా మాట్లాడే అమ్మాయిని పెట్టుకున్నారు. ఇప్పుడు మళ్లీ స్టేజీ ఎక్కి వందమందికి ఈ నోరు చూపించమంటావా?”

“మీరంతలా ఎందుకు తెరిసీవోరండి?”

“బళ్లో చెప్పిన అలవాటు. అరవై మంది పిల్లలు. ఆఖరి వరసలో వాడికి కూడా అందాలని.”

“అందిందండి,” అంది నీలిమ.

ఇంటి వెనక పట్టాల మీద బొగ్గు గూడ్సు వచ్చింది. గ్లాసుల్లో టీ తొణికింది. అలవాటు కొద్దీ మహాలక్ష్మమ్మ మాట ఆపేసింది. నీలిమ మాత్రం ఆగలేదు, చేతులు తిప్పుతూ ఏదో చెబుతూనే ఉంది.

బండి పోయాక ఆవిడ అంది, “మళ్లీ చెప్పమ్మా. ఆ గోలలో ఒక్క ముక్క వినపడలేదు.”

నీలిమ కిటికీలోంచి వెళ్లిపోతున్న ఆఖరి పెట్టె చూసి నాలిక్కరుచుకుంది.

“అయ్యో, బండిని సూళ్లేదండి. ఏటంటన్నానంటే... అయిదో ఏట నాకు పెద్ద జొరమొచ్చింది. బతికినాను గానీ బళ్లోకి రానివ్వలేదు. ఈ పిల్లకి సదువు రాదని సెప్పీసినారు. మాయమ్మ పనికెల్తా నన్ను పక్కింటోల్ల టీవీ ముందు కూకోబెట్టీది. మీరే నా బడి. మీ తర్వాత వచ్చినావిడి మాటాడితే నాకొక్క ముక్క అర్థం కాలేదు. టీవీ ముందే ఏడిసీదాన్ని.”

“మరి చదువెలా వచ్చింది?”

“మీరు నేర్పిన అచ్చరాలు పలక మీద రాసి సూపిత్తే, అప్పుడు జేర్సుకున్నారు. ఇయ్యాల బొమ్మలు గీసుకుని బతకతన్నానంటే మీ సలవేనండి. ఆ మాట మీకు సెప్పకుండా ఉండిపోతానేమోనని ఎంత బెంగెట్టుకున్నానో!”

తన నోటికి ఒకరు దణ్ణం పెడతారని మహాలక్ష్మమ్మ ఏనాడూ అనుకోలేదు.

నీలిమ ఫోను తీసి ఆ పాత వీడియో పెట్టింది.

“సౌండు పెట్టవేం?”

“ఎందుకండీ? నాకు మొత్తం వచ్చు. సూడండి.”

తెర మీద పడుచు మహాలక్ష్మమ్మ పెదాలు కదిలాయి. పక్కన నీలిమ గొంతు పలికింది.

“ప ఎక్కింది! బ ఎక్కింది! మ తలుపు దగ్గరే నిలబడింది! మావయ్యా, జెండా ఊపకు!”

ఒక్క అక్షరం కూడా వెనకబడలేదు. మహాలక్ష్మమ్మ కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్నాక కొంగుని నోటి దగ్గరికి పోనివ్వకుండా నడుములో దోపింది.

“ఎన్నింటికి రావాలి?”

నీలిమ చప్పట్లు కొట్టినంత పని చేసింది. “కారు నాలుగింటికి వత్తాది!”

“వస్తాలే. కానీ ఒక మాట నిజం చెప్పు.” ముసలావిడ మొహంలోకి కాస్త సిగ్గు వచ్చింది. “అందరూ నా నోరే చూశారు గానీ, గొంతు సంగతి ఒక్కళ్లూ అనలేదు. నా గొంతైనా బాగుండేదా?”

నీలిమ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

“మీ గొంతు నానెప్పుడూ ఇన్లేదండి.”