వద్దన్న నోటు

ఆపరేషన్ గది తలుపు ముందు నాన్న స్ట్రెచర్ ఆగగానే అక్క పర్సు తెరిచింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఇవ్వకు. టిప్పు అంటే దొరలు విసిరే ఎంగిలి. ఈయనకి రావలసింది సరైన జీతం."

"నీ ఉపన్యాసం తర్వాత దంచుదువుగానీ ఉండరా. నాన్నని మెల్లగా దించొద్దూ?" అక్క నా చెయ్యి విదిలించుకుని నోటు చాచింది.

స్ట్రెచర్ తోసే పెద్దాయన దాని వంక చూసి, "వద్దమ్మా" అన్నాడు. నాన్న పాదాల మీద దుప్పటి సర్ది లోపలికి తోసుకుపోయాడు.

నా ఛాతీ ఉప్పొంగింది. "చూశావా అక్కా, ఒక్క మాటకి మనిషి ఎలా మేలుకున్నాడో."

కాసేపటికి ఆయనే ఇంకో రోగిని తీసుకొచ్చాడు. ఆ రోగి కొడుకు ఇచ్చిన నోటు మాట్లాడకుండా జేబులో వేసుకున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన బయటికి రాగానే అడ్డం నిలబడ్డాను. "వాళ్ల దగ్గర తీసుకున్నారేం? మేమంటే అంత లోకువా?"

ఆయన నా మొహంలోకి చూడలేదు. అక్కకి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"పొద్దున మీ నాన్నగారి గురించి డాక్టర్లు అనుకుంటుంటే విన్నాను బాబూ. మనిషిని మళ్లీ తీసుకొచ్చి అప్పజెప్పగలిగే వాళ్ల దగ్గరే నేను పుచ్చుకుంటాను."