వరసలో మొదటి పేరు

"ఇంకో నెల ఆగమంటే ఆగేదాన్నే అక్కా. మా అత్తగారి వీసా గురువారంతో ఖలాస్," అంది నిఖిత.

అబుదాబి పక్కన బనియాస్‌లోని ఆ సర్కారు ఆఫీసులో ఉద్యోగినుల పిల్లల కోసం ప్రభుత్వ ఖర్చుతో నడిచే నర్సరీ ఉంది. సీట్లు ఇరవై, ఎదురుచూసేవాళ్లు అరవై. ఆ వరస జాబితా రాసేది నెల్లూరు షహర్బాను. ఎనిమిది నెలలుగా నిఖిత ఆమె టేబుల్ ముందు నిలబడుతూనే ఉంది. మొదట్లో ఏడ్చేది. ఇప్పుడు ఆ ఏడుపు కూడా రావడం లేదు. సీటు దొరక్కపోతే పదకొండు నెలల స్నిగ్ధను అత్తగారు కాకినాడ తీసుకెళ్లిపోతుంది. టికెట్లు కూడా తీసేశారు.

షహర్బాను రిజిస్టరు తన వైపే తిప్పుకుని, పేర్ల మీద స్కేలు అడ్డం పెట్టింది. పేర్లు కనిపిస్తే సిఫారసులు మొదలవుతాయని ఆమె పట్టింపు. ఆఫీసు పెద్ద ముదీర్ చెప్పినా వరస తప్పించదు. మహా కొరకరాని కొయ్య అని ఆఫీసంతా అనుకుంటారు.

"ఇయ్యాల ఒక సీటు ఖాళీ అయిందిమా. నీది రెండో నంబరు."

"మొదటి నంబరు వాళ్లో?"

"రెండేళ్లుగా కాచుకోనుండారు. పిల్లోడు ఊర్లో ఉండాడు. అడగాల గదా."

ఆమె సెల్ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి ఉర్దూలో మాట్లాడింది. నిఖితకు అక్కడో మాట, ఇక్కడో మాట అందింది. సీటొచ్చిందని చెప్పింది. పిల్లాడు రానంటున్నాడా అని రెండుసార్లు అడిగింది. తర్వాత చాలాసేపు వింటూ ఉండిపోయింది. తిరిగొచ్చి, స్కేలు పెట్టి, ఎర్ర పెన్నుతో ఒక గీత గీసింది.

"వద్దన్నారుమా. రేపే నీ బిడ్డని తీసుకురా."

నిఖితకు సంతోషం కన్నా ముందు కోపం వచ్చింది. రెండేళ్లు ఎదురుచూసి ఇప్పుడు వద్దనడమేమిటి, ఆవిడసలు కన్నతల్లేనా అని అడిగేసింది.

షహర్బాను పెన్నుకు మూత పెట్టింది.

"పిల్లోడికి మూడేళ్లు మా. అమ్మమ్మనే అమ్మంటాడు. ఈమె ఫోన్లో పిలిస్తే ఎవురని అడగతాడు. ఇప్పుడు పెరికి తెచ్చుకోని ఏం చేస్తాది?"

ఆ గొంతులో జాలీ లేదు, కోపమూ లేదు. రేపు సెలవని చెప్పినంత మామూలుగా చెప్పింది. ఎవరి గొడవ మనకెందుకులే అనుకుంది నిఖిత.

సంతకం పెట్టమని షహర్బాను మొదటిసారి రిజిస్టరును ఆమె వైపు తిప్పింది. ఇంతలో లోపలి నుంచి ముదీర్ పిలిస్తే లేచి వెళ్లింది. నిఖిత తన పేరు కోసం వెతుక్కుంది. దానికి సరిగ్గా పైన, ఎర్ర గీత పడ్డ మొదటి వరస ఉంది.

తల్లి పేరు దగ్గర షహర్బాను అని ఉంది.