ఎర్రబడ్డ వరుస

మొదటి దెబ్బ దవడ మీద పడింది. గోదాం కీపరు ఫ్యాన్ల అట్టపెట్టెల మీదికి వెల్లకిలా పడ్డాడు. పైనున్న పెట్టెలు ఒక్కొక్కటే వచ్చి అతని మీద కూలాయి.

"లేరా! లేచి చెప్పు. నా ఇస్త్రీ పెట్టెలు ఏ సందులో అమ్ముకున్నావు?"

ఓనరు ఒకప్పుడు మూటలు మోసినవాడు. కొట్టు తనదయ్యాక మోత మానేశాడు గాని, చేతులు అలాగే ఉన్నాయి. పోలీసులంటే ఆయనకు గిట్టదు. దొంగ దొరికితే గోదాంలోకి ఈడ్చుకెళ్ళి షట్టరు సగం దించుతాడు. అంతే.

భోజనాల వేళ. పక్క గదిలో అందరూ క్యారియర్లు తెరిచి, తినకుండా కూర్చున్నారు.

"రిపోర్టులో మన వరుసలన్నీ తెల్లగానే ఉన్నాయిగా?" అన్నాడు బట్టతల సేల్స్‌మన్ గొంతు తగ్గించి.

"ఉంటే మాత్రం? ఆ చెయ్యి ఇటు తిరిగితే రంగులు చూస్తుందా?" అన్నాడు వ్యాను డ్రైవరు.

రంగుల గొడవ ఆ పొద్దునే మొదలైంది.

"ఇన్ని కాలమ్‌లేంటమ్మా, గూడ్సు బండిలా? ఈ కొస చూసేసరికి ఆ కొస మర్చిపోతున్నా" అని ఓనరు కంప్యూటరు ముందు విసుక్కున్నాడు. "నా ఫోన్లో పట్టేట్టు తగ్గించు. తేడా ఉన్న సరుకును నేను వెతకడం కాదు, అదే వచ్చి నా కంట్లో పడాలి."

"సరేనండీ" అంది కంప్యూటరమ్మాయి.

కొట్లో రిపోర్టులన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయి. ఏసీ చలికని ఎడం చేతికి చున్నీ చుట్టుకుని, ఒక్క కుడిచేత్తోనే టకటకా కొట్టింది. కోడు, పన్ను, బ్యాచి, ఇంకా ఏవేవో తీసేసింది. సరుకు పేరు, వచ్చింది, అమ్మింది, మిగిలింది. ఇవే ఉంచింది. లెక్క కుదరని వరుస దానంతటదే ఎర్రబడేలా రూలు పెట్టింది.

ఓనరు ఫోను తెరిచాడు. తెల్లటి వరుసల మధ్య ఒక్కటే భగ్గుమంటోంది. ఇస్త్రీ పెట్టెలు. వచ్చినవాటిలో సగం అమ్మకంలోనూ లేవు, గోదాంలోనూ లేవు.

గోదాం సరుక్కి జవాబుదారు ఒక్కడే. ఆ ఒక్కడు ఆమె మొగుడు.

"నాకేం తెలీదు బాబూ! సోమవారం నేను సెలవు. ఆ రోజేం జరిగిందో..." అన్నాడు కీపరు, కూలిన అట్టపెట్టెల మధ్యనుంచి.

"సెలవా? తాగి పడ్డానని చెప్పు."

ఈసారి బూటుకాలు డొక్కలో దిగింది. అతను కాళ్ళు ముడుచుకుని గిలగిల్లాడాడు. ఆమె పరుగెత్తుకొచ్చి మధ్యలో నిలబడింది.

"కొట్టకండి సార్, మీ కాళ్ళు పట్టుకుంటా!"

"జరుగమ్మా. నీ మీద నాకే కోపమూ లేదు. పోనీ నువ్వే చెప్పు, ఆ పెట్టెలు ఇంకెటన్నా పోయినట్టుందా?"

ఆమె ఆయన ఫోను అందుకుంది. పైనుంచి కిందిదాకా నిదానంగా చూసింది.

"ఇందులో లేదండీ."

మొగుడు నెత్తురు ఉమ్మాడు. "సరిగ్గా చూడవే, మొద్దు మొహమా! ఇంటికి రా, నీ సంగతి చెప్తా!"

"ఇంటికి నడిచి వెళ్తే కదరా" అన్నాడు ఓనరు. షట్టరు లాగే ఇనప కడ్డీ మూలనుంచి తీశాడు.

ఆమె కెవ్వుమంది. "ఇంకెక్కడన్నా కొట్టండి గాని, ఆ కుడి చెయ్యి మాత్రం వద్దు సార్! ఆయన బలమంతా ఆ చేతిలోనే ఉంది!"

ఓనరు ఆగాడు. కిందపడ్డవాడి చేతులవంక చూశాడు. కుడి చెయ్యి మీద కాలేసి తొక్కిపట్టాడు. కడ్డీ లేచింది.

ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. అరుపు ఆ తర్వాత వచ్చింది. పక్క గదిలో ఎవరో క్యారియరు మూత పెట్టేశారు.

"పొద్దుటికి లెక్క తేలాలి. తేలకపోతే రేపు ఎడమది" అని ఓనరు చొక్కా దులుపుకుని వెళ్ళిపోయాడు.

డ్రైవరూ బట్టతలాయనా కలిసి మనిషిని వ్యానెక్కించారు. మోచేతి కింద ఎముక తోలును పొడుచుకుని కనిపిస్తోంది.

"ఆ చెయ్యి ఇక పైకి లేవదమ్మా" అన్నాడు డ్రైవరు, ఆమె మొహం చూడలేక. "ఆసుపత్రికి నువ్వూ రా, పద."

"కంప్యూటరు కట్టేసి వస్తానన్నా."

లోపలికెళ్ళి కుర్చీలో కూర్చుని, ఎడం చేతికి చుట్టిన చున్నీ విప్పి, మొగుడు కాల్చిపెట్టిన ఇస్త్రీ పెట్టె ముద్రకు కాస్త గాలి తగలనిచ్చి, పొద్దున తాను తీసేసిన 'కంపెనీకి వాపసు' కాలమ్‌ను ఆమె తిరిగి పెట్టగానే, ఎర్రబడ్డ వరుస తెల్లబడింది.