చుక్క నూనె

బండి ఇంజను కింది ఇనుప పళ్ళెం మీద నూనె మెరుస్తోంది.

మెకానిక్ చటుక్కున గుమ్మం వైపు చూశాడు. చేతిలో ఉన్న గుడ్డను ఆ మెరుపు మీద కప్పేశాడు.

అది అతని స్నేహితుడి గడ్డికోత బండి. ఆ స్నేహితుడు దర్జాగా ఎక్కి కూర్చుని తోట వాలంతా చుట్టేవాడు. పోయిన నెల ఆ వాలు మీదే బండి వెనక్కి జారి, బోల్తా పడి, అతన్ని పొట్టన పెట్టుకుంది. బ్రేకు పట్టలేదన్నారు. ముసలి బండన్నారు. నోరున్నవాళ్ళంతా తలో మాట అన్నారు.

ఇప్పుడు ఆ తోటపని స్నేహితుడి కూతురిది. బండి బాగుచేయించుకుందామని వారం కిందటే షెడ్డుకు పంపి, ఇవాళ వచ్చి గుమ్మంలో కూర్చుంది.

ఆ బండి కిటుకంతా పళ్ళెంలోనే ఉంది. ఇంజను పళ్ళేన్ని గిర్రున తిప్పుతుంది. రబ్బరు అంచున్న చక్రం దాని ముఖానికి ఒరుసుకుని తిరుగుతుంది. చక్రం నడిమధ్యన ఉంటే బండి కదలదు, అంచు వైపు జరిగేకొద్దీ పరుగెడుతుంది. రెంటినీ కలిపేది రాపిడి ఒక్కటే.

మిగతా ఇనుమంతా నూనె అంటే చెవి కోసుకుంటుంది. ఈ పళ్ళేనికి మాత్రం చుక్క తగిలినా పట్టు తప్పుతుంది.

వాలు మీదైతే బండి వెనక్కే.

"ఏం పోయింది బాబాయ్?"

అతను గుడ్డను ఇంకా గట్టిగా అదిమాడు.

ఆమే చెప్పుకొచ్చింది. బండి కీచుమంటోందని నాన్న రోజూ విసుక్కునేవాడట. ఆయనకు చెప్పకుండా, ఆయన పోయే ముందురోజు సాయంత్రం తనే మూత విప్పి నూనె పోసిందట.

"తెల్లారి అస్సలు చప్పుడు రాలేదు బాబాయ్. నాన్న నావైపు చూసి నవ్వాడు. ఆ ఒక్క సుఖమైనా ఇచ్చాననుకుంటా."

గొంతు తగ్గించి అంది.

"ఇప్పుడు మాత్రం ఆ కీచు రోజూ రాత్రి వినిపిస్తోంది. బండేమో ఇక్కడుంది."

మెకానిక్ పళ్ళేన్ని పెట్రోలుతో తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. ఈ నిజం తనతోనే పోవాలనుకున్నాడు.

"రబ్బరు అరిగిందమ్మా. అంతే."

కొత్త రబ్బరు వేసి బండి అప్పగించాడు. ఇకమీదట కూడా తానే నూనె వేసుకుంటానని ఆమె అంది.

"నువ్వు ముట్టుకోకు తల్లీ. నేనొచ్చి వేస్తా."

అన్నమాట ప్రకారం వారం వారం వెళ్తున్నాడు. మూత విప్పి, ఆమెకు కనపడకుండా వంగి, డబ్బాను టకటకా నొక్కుతాడు. ఆ శబ్దానికి ఆమె మొహం తేటపడుతుంది. రాత్రిళ్ళు కీచుమనడం తగ్గిందని చెబుతుంది.

తిరుగుదారిలో ఆ కీచు చప్పుడు అతని వెనకే వస్తుంది.

చేతిలో డబ్బా ఖాళీగా ఉంటుంది. వెళ్ళేటప్పుడూ ఖాళీదే.