తన కాలితో కొట్టిన బంతి

ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ప్రతి ఫుట్‌బాల్ ఆటగాడి చెవిలోనూ, ఎప్పుడేం చేయాలో చెబుతూ, క్లబ్బు యంత్రం మాట్లాడేది. పదిహేడేళ్ల స్ట్రైకర్ ఆల్ఫీ మూడో మ్యాచ్‌లో "పాస్ ఇవ్వు" అన్న ఆ గొంతును కాదని తానే గోల్ కొట్టాడు. జట్టు గెలిచింది. మేనేజరు మాత్రం అతణ్ణి నెల రోజులు పక్కన పెట్టాడు.

"గెలిపించిన పిల్లాడికి శిక్షేమిటండీ?" అని తల్లి మార్గరెట్ మేనేజర్ని ఫోన్‌లో నిలదీసింది.

"మాట వినని కాలు మాకొద్దమ్మా" అన్నాడతను.

ఆమె తొక్క తీస్తున్న బంగాళాదుంపను సింకులోకి విసిరికొట్టింది.

నెల తర్వాత ఆల్ఫీ మళ్ళీ ఆడాడు. చివరి నిమిషంలో చెవిలోని గొంతు "పాస్" అంది. పళ్ళు బిగించి తానే కొట్టాడు. బంతి గోల్ స్తంభానికి తగిలి బయటికి పోయింది. జట్టు ఓడింది.

"ఎవడు కొట్టమన్నాడురా?" అని ఆట ముగిశాక జట్టు గదిలో మేనేజరు అరిచాడు.

ఆల్ఫీ చెవిలోని పరికరం పీకి బల్ల మీద పెట్టాడు.

"ఎవరూ అనలేదు. అది నా తప్పు, నాకే ఉండనివ్వండి."